పాదాలు కనిపిస్తున్నాయా? ఎదుటివాడు నటిస్తున్నాడా?: కుంగ్‌ఫూ వీడియోలు ఎంచుకునే ముందు

ఫామ్, అప్లికేషన్ అన్న మాటలు పక్కపక్కన వింటే ఏదో ఆఫీసు కౌంటర్ దగ్గర క్యూలో నిలబడ్డట్టు ఉంటుంది. చైనా సంప్రదాయ యుద్ధవిద్యల్లో మాత్రం చదువంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. ఫామ్ అంటే ఒక వరసలో పేర్చిన కదలికలు. చైనీస్‌లో 'తావ్‌లూ' అంటారు. ఒంటరిగా, గాల్లోకి చేస్తారు. ఆ కదలికల్లో ఒక్కొక్కటీ ఎదుటి మనిషి మీద ఎలా పనిచేస్తుందో విప్పి చూపిస్తే అది అప్లికేషన్. కరాటే తెలిసినవాళ్లకు కటా, బుంకాయ్ అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఈ రెండూ వీడియోల్లో కుప్పలుగా దొరుకుతున్నాయి. ఉచితంగా ఉన్నవి, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునేవి, నెలనెలా కట్టేవి, వీడియో కాల్‌లో లైవ్‌గా నేర్పేవి. ఏది తీసుకోవాలని అడిగేవాళ్లు సాధారణంగా "ఏ గురువు మంచివాడు?" అనో, "ఏ స్టైల్ పవర్‌ఫుల్?" అనో మొదలుపెడతారు. నేనైతే అక్కడ మొదలుపెట్టను. ఫామ్ నేర్పే వీడియో అయితే పాదాలు చూస్తాను. అప్లికేషన్ వీడియో అయితే గురువుని వదిలేసి, దెబ్బలు తినే మనిషిని చూస్తాను. ముప్పాతిక వంతు వీడియోలు అక్కడే జల్లెడ దిగిపోతాయి.

నా మోకాలు చెప్పిన సంగతి

తాయ్‌చీలో 24 కదలికల ఫామ్‌ని నేను మొదట వీడియో చూసే పట్టాను. యాంగ్ శైలి పొడవాటి ఫామ్‌ని కుదించి, 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ తయారుచేయించిన ఫామ్ ఇది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. రెండు నెలలు తిరిగేసరికి వరస మొత్తం వచ్చేసింది, నా సంతోషానికి హద్దు లేదు. మూడో నెలలో ఎడమ మోకాలి లోపలి పక్క సన్నగా నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు ఇంకాస్త తెలిసేది.

తప్పు నాలుగో కదలికలో ఉంది. దాని పేరు లోవ్ షీ ఆవ్ బూ. ఒక చెయ్యి మోకాలి ముందు నుంచి తుడుస్తున్నట్టు పక్కకు పోతుంది, రెండో అరచెయ్యి ముందుకు తోస్తుంది, దాంతోపాటే అడుగు పడుతుంది. ఎడమ, కుడి, ఎడమ, ఇలా మూడుసార్లు. మొదటి అడుగయ్యేసరికి ఎడమ కాలు ముందుంటుంది, బరువు చాలావరకు దాని మీదే ఉంటుంది. ఇప్పుడు కుడి అడుగు వేయాలంటే ఎడమ పాదం కాస్త బయటికి, దాదాపు 45 డిగ్రీలు, తిరగాలి. ఈ ఫామ్‌లో ఏం చేస్తారంటే, ముందు వెనక్కి కూర్చున్నట్టుగా బరువుని వెనక కాలి మీదికి తీసుకుంటారు. ఎడమ కాలి వేళ్లు నేల వదిలి లేస్తాయి. మడమ ఆధారంగా పాదం తిరుగుతుంది. వేళ్లు మళ్లీ నేలకు ఆనాక బరువు ముందుకొస్తుంది, అప్పుడు కుడి కాలు కదులుతుంది. అంతా కలిపి రెండు మూడు సెకన్లు.

నేను చూసిన వీడియోలో గురువుగారి పట్టు పైజామా చీలమండ దాటి కిందికి జారి ఉంది. కెమెరా మోకాళ్ల దగ్గర కోసేసింది. పైగా ఆ రెండు సెకన్లలో చేతులు చాలా అందంగా తిరుగుతుంటాయి, కళ్లు వాటి వెంటే పోతాయి. వెనక్కి కూర్చోవడమన్నది ఒకటుందని నాకు తెలియనే లేదు. బరువంతా ఎడమ కాలి మీద ఉంచుకునే పాదాన్ని తిప్పేవాణ్ని. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, తొడ తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలు. రోజుకి పదిసార్లు ఫామ్ చేస్తే ఆ మెలి ఎన్నిసార్లు పడిందో లెక్క మీరే వేసుకోండి.

బరువుంచే పాదం తిప్పే పద్ధతి కొన్ని సంప్రదాయ యాంగ్ శాఖల్లో నిజంగానే ఉంది. అయితే అందులో తుంటి ఎంత వదులవ్వాలి, ఏ క్షణంలో తిరగాలి అన్నది పక్కన ఒకరుండి సరిదిద్దితే తప్ప పట్టుబడదు. కొత్తవాళ్లు వీడియో చూసి చేయదగ్గది కాదు.

అప్పటినుంచి నాకొక అలవాటు. ఏ ఫామ్ వీడియో అయినా ముందు శబ్దం ఆపేసి, స్క్రీన్ పైసగాన్ని ఒక కాగితంతో మూసేసి, రెండు నిమిషాలు పాదాలు మాత్రమే చూస్తాను. ఏ కాలి మీద బరువుందో, ఏ పాదం ఎప్పుడు తిరిగిందో తెలుస్తోందా? తెలిస్తే ఆ వీడియో పనికొస్తుంది. తెలియకపోతే అది చూసి ఆనందించడానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి కాదు.

కుడి ఎడమైతే

దేవదాసు పాటలో పొరబాటు లేకపోవచ్చు గానీ ఫామ్‌లో ఉంది. గురువు మనకు ఎదురుగా నిలబడి చేస్తే ఆయన కుడి మనకు ఎడమవుతుంది. మెదడు దాన్ని కాసేపు తిప్పుకుంటుంది, అలిసిపోయాక అద్దంలో బొమ్మలా అనుకరించడం మొదలుపెడుతుంది. ఇలా తిరగేసి నేర్చుకున్నవాళ్లు ఎప్పుడైనా ఒక క్లాసుకి వెళ్తే, అందరూ ఎడమకు తిరిగినప్పుడు వీళ్లొక్కరే కుడికి తిరిగి పక్కవాళ్లని ఢీకొంటారు. ఆరోగ్యం కోసమే చేసుకుంటే దీనివల్ల పెద్ద నష్టం లేదు. తర్వాత గురువు దగ్గరికి వెళ్లే ఉద్దేశం ఉంటే మాత్రం నేర్చుకున్నది మరచిపోవడానికే కొన్ని నెలలు పడుతుంది.

అందుకే వెనకవైపు నుంచి తీసిన భాగం ఉందా లేదా అన్నది డబ్బు కట్టే ముందు చూసుకోవలసిన విషయం. ముందు, వెనక, పక్క మూడూ ఉంటే మహాభాగ్యం. ఒకటే ఉంటే అది వెనకదై ఉండాలి. కొందరు ఎదురుగా నిలబడే చేస్తూ, వీడియోని కావాలనే అద్దంలా తిప్పి పెడతారు. అది చెప్పి చేస్తే మంచిదే. చెప్పకపోతే, చొక్కా గుండీలు ఏ పక్కకున్నాయో, వెనక గోడ మీద రాతలు తిరగబడ్డాయో చూసి కనిపెట్టాలి. మీ దగ్గరున్న వీడియో ఎదురుగా తీసిందే అయితే, వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో ఎఫెక్ట్స్‌లోకి వెళ్లి అడ్డంగా తిప్పుకోవచ్చు.

యూట్యూబ్‌ని కంప్యూటర్‌లో చూస్తున్నప్పుడు వీడియో ఆపి, కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ కదులుతుంది. ఫామ్ నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే మీట లేదు. దీనికీ ఒక హద్దుంది. సెకనుకు 30 ఫ్రేములతో తీసిన వీడియోలో, సెకనులో ఐదో వంతులో అయిపోయే గుద్దు ఆరు ఫ్రేముల్లో ముగిసిపోతుంది, అందులో సగం మసకగా ఉంటాయి. తాయ్‌చీలోనే చెన్ అనే శైలిలో పిడికిలి ఒక్కసారిగా విడుదలయ్యే ఫాజిన్ దెబ్బల్ని ఎంత నెమ్మదిగా తిప్పి చూసినా పిడికిలే కనబడుతుంది. ఆ బలం నేలనుంచి కాలి గుండా, నడుం గుండా ఎలా వచ్చిందో కెమెరాకు దొరకదు. సెకనుకు 60 ఫ్రేములుంటే కాస్త నయం, అంతవరకే.

వీడియోకి లొంగే ఫామ్‌లు, లొంగనివి

ఏ శైలి గొప్పదన్న వాదన జోలికి నేను పోను. ఏది కెమెరాకు లొంగుతుందన్నది మాత్రం చెప్పగలను, దానికి కారణాలు చాలా మామూలువి.

వింగ్ చున్ అనే శైలిలో మొదటి ఫామ్ సియు నిమ్ తావ్. మొదట్లో కాళ్లు తెరిచి నిలబడ్డాక చివరిదాకా పాదాలు కదలవు. దిక్కు మారదు, అడుగు లేదు. కుడి ఎడమల గొడవ కూడా తక్కువే, ఒక చేత్తో చేసింది రెండో చేత్తోనూ చేస్తారు. వరస నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన ఫామ్ వెతికినా దొరకదు. చిక్కంతా మోచేతి దగ్గరుంది. మొదటి భాగంలో ఫుక్ సావ్ అనే చెయ్యి చాలా నెమ్మదిగా మూడుసార్లు ముందుకు పోతుంది, మోచెయ్యి శరీరం మధ్యగీత వైపు వస్తూ ఉండాలి. పక్కనుంచి తీసిన వీడియోలో ఇది కనిపించదు. కాబట్టి ఇక్కడ మాత్రం నా నియమం తిరగబడుతుంది, ఎదురుగా తీసిన వీడియో కావాలి.

ఈ ఫామ్ విషయంలో ఒక విచిత్రం ఉంది. హాంకాంగ్‌లో వింగ్ చున్‌ని నేర్పిన ఇప్ మాన్ 1972లో ఈ ఫామ్‌నీ, రెండో ఫామ్ చమ్ క్యూనీ, చెక్కబొమ్మ మీద చేసే ఫామ్‌నీ చేస్తుండగా ఇంట్లో వాడుకునే 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీశారు. శబ్దం లేదు, వివరణ లేదు. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశారు. ఆ పాత ఫిల్ము ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉంది. అయినా ఆయన శిష్యుల పరంపరలో ఎవరి పద్ధతి వాళ్లదే, ఫలానా చోట చెయ్యి ఎందుకలా ఉందన్న వాదనలు ఆగలేదు. స్వయంగా మూలపురుషుడే కెమెరా ముందు చేసి చూపించినా పరిస్థితి ఇదన్నమాట. ఫామ్ చూపిస్తూ మాట్లాడని వీడియోల మీద నాకు ఆశ తగ్గింది అందుకే.

తాన్‌త్వీ నాకు ఇష్టమైన సలహా. పెద్దగా ఎవరూ చెప్పరు. 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వూ అనే యుద్ధవిద్యల సంఘం తన మూల పాఠాల్లో చేర్చిన ఫామ్ ఇది. పది, లేదా పన్నెండు చిన్న చిన్న వరసలుగా ఉంటుంది. ఒక్కో వరసలో రెండు మూడు కదలికలే, వాటినే ఎడమకీ కుడికీ మార్చి మార్చి సరళరేఖలో చేసుకుంటూ పోతారు. తిరగేసి నేర్చుకునే ప్రమాదం చాలా తక్కువ. ఒక వరస వారానికొకటి పట్టుకోవచ్చు. గుద్దు, అడ్డు, తన్ను అన్నవి అంత విడమరిచి ఉండటంవల్ల అప్లికేషన్ కూడా తేలిగ్గా అర్థమవుతుంది. తన్నులు కింద నుంచి మొదలుపెట్టండి.

షింగ్‌యీ అనే శైలిలో ఐదు ముష్టిఘాతాలుంటాయి: పీ, జువాన్, బెంగ్, పావ్, హెంగ్. ఒక్కోటి ఒక్కో కదలికే, సరళరేఖలో మళ్లీ మళ్లీ. వరస ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. ఆ ఒక్క కదలిక లోపల అడుగూ పిడికిలీ ఒకే క్షణంలో పడటం అన్నది ఏళ్ల పని. మొదలుపెట్టడానికి వీడియో చాలు.

బాగ్వా అనే శైలి దీనికి పూర్తిగా ఎదురు. గుండ్రంగా నడుస్తూ చేస్తారు కాబట్టి ప్రతి రెండడుగులకీ మనిషి కెమెరాకు వేరే వైపు తిరుగుతాడు. మీరు చూడాలనుకున్న అరచెయ్యి సరిగ్గా అప్పుడే వీపు వెనక్కి పోతుంది. వీడియోతో మొదలుపెట్టడానికి ఇంతకన్నా కష్టమైంది నాకు తెలియదు.

తాయ్‌చీలో పొడవాటి ఫామ్‌లు కొనేటప్పుడు అంకెలు చూసి మోసపోవద్దు. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు పరంపర ఫామ్‌ని ఒకరు 85 అంటారు, ఒకరు 103, మరొకరు 108. మొత్తం మీద అదే ఫామ్, లెక్కపెట్టే తీరు వేరు. మళ్లీ మళ్లీ వచ్చే కదలికని విడిగా లెక్కిస్తే అంకె పెరుగుతుంది. 108 అన్న కోర్సులో 85 కన్నా ఎక్కువ సరుకేమీ ఉండదు. చెన్ శైలిలో లావ్‌జ్యా, షిన్‌జ్యా అని రెండు మాటలు వినిపిస్తాయి. పాత చట్రం, కొత్త చట్రం అని అర్థం. హెనాన్‌లోని చెన్ గ్రామం నుంచి 1928లో బీజింగ్ వెళ్లిన చెన్ ఫాకె నుంచి వచ్చిన పద్ధతిని కొత్తదంటారు. అందులో మెలికలు ఎక్కువ, వీడియోలో అంతు దొరకవు. చెన్ మీద మనసుంటే ముందు పట్టుదారం తీస్తున్నట్టు తిప్పే ఏకకదలిక అభ్యాసాల వీడియోలు తీసుకోండి, ఫామ్ తర్వాత.

పోటీల వూషు, అంటే మార్కుల కోసం ప్రదర్శించే యుద్ధవిద్య, గురించి ఒక్క మాట. అందులో ఛాంగ్‌చ్వాన్ అనే విభాగంలో పోటీ వరస పెద్దవాళ్లకు ఒక నిమిషం 20 సెకన్లకు తగ్గకూడదు, గాల్లో తిరిగే గెంతులకు మార్కులుంటాయి. అద్భుతమైన విద్య. కానీ ఇంట్లో ఒంటరిగా వీడియో చూసి ఆ గెంతులు వేయకండి. అప్లికేషన్ కోసం అందులో వెతకడం కూడా వృథా ప్రయాస, దాని లక్ష్యం అది కాదు.

దెబ్బ తినేవాడి ముఖం

ఇక అప్లికేషన్ వీడియోలు. ఇక్కడ నేను కాస్త కటువుగానే ఉంటాను.

తాయ్‌చీలో సింగిల్ విప్ అని అందరికీ తెలిసిన భంగిమ ఉంది, చైనీస్‌లో దాన్‌బ్యెన్. కుడి చేతి వేళ్లన్నీ కలిపి కొక్కెంలా కిందికి వంచుతారు, ఎడమ అరచెయ్యి ముందుకు పోతుంది. దీనికి అప్లికేషన్ చూపించే వీడియోలు ఏ మూల చూసినా ఉంటాయి. మామూలుగా కథ ఇలా నడుస్తుంది. శిష్యుడు ఒక అడుగు ముందుకేసి కుడి చేత్తో గుద్దుతాడు. గుద్దిన చెయ్యి అలాగే గాల్లో వేలాడేసి నిలబడిపోతాడు, ఎవరో పాజ్ మీట నొక్కినట్టు. గురువుగారు తీరిగ్గా ఆ మణికట్టుని కొక్కెంతో పట్టి, పక్కకు లాగి, అరచెయ్యి ఛాతీ మీద ఆనిస్తారు. శిష్యుడు మూడడుగులు వెనక్కి ఎగిరి పడతాడు. ఫుల్ స్మైల్.

ఆ వీడియోని ఒకచోట ఆపండి. శిష్యుడి పిడికిలి పూర్తిగా చాచిన క్షణంలో. గురువు ఏమీ చేయకుండా ఊరికే నిలబడి ఉంటే ఆ పిడికిలి ఆయన ముఖానికి తగిలేదా? చాలా వీడియోల్లో జానెడు దూరంలోనే ఆగిపోతుంది. తగలని దెబ్బని ఆపడం ఎవరికైనా వస్తుంది. తర్వాత చెయ్యి చూడండి. గుద్దినవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడా? మనుషులు నిజంగా గుద్దినప్పుడు చెయ్యి వెళ్లినంత వేగంగా వెనక్కీ వస్తుంది. లాక్కునే చేతి మీద కూడా ఆ కొక్కెం పనిచేస్తోందంటే చూడదగ్గ వీడియో. రెండో చెయ్యి ఏం చేస్తోంది? ఊరికే తొడ పక్కన వేలాడుతుంటే అతను శిష్యుడు కాదు, బొమ్మ.

నేను బాగా నమ్మే గుర్తు ఇంకొకటి ఉంది. వీడియోలో ఎక్కడైనా ఒక్కసారి గురువు ప్రయత్నం విఫలమైందా? "ఇదిగో, వీడు ఇలా బిగుసుకుంటే ఇది పడదు, అప్పుడు ఇటు మారాలి" అని చూపించేవాళ్లు అరుదు. అలాంటివాళ్లు దొరికితే వాళ్ల శైలి ఏదైనా సరే వదలకండి. ఒక కదలికకి పదిహేను అప్లికేషన్లు గబగబా చూపించేవాళ్లకన్నా, ఒకే అప్లికేషన్‌ని ముగ్గురు వేర్వేరు ఎత్తుల మనుషుల మీద చేసి చూపించేవాళ్ల దగ్గర ఎక్కువ నేర్చుకుంటాం.

ఒక కదలికకి ఒకే సరైన అర్థం ఉంటుందని కూడా అనుకోవద్దు. అదే సింగిల్ విప్‌లో కొక్కెం చేతిని ఒకరు పట్టు అంటారు, ఇంకొకరు మణికట్టు వెనకభాగంతో గడ్డం కింద కొట్టే దెబ్బ అంటారు, మరొకరు పట్టు విడిపించుకునే ఉపాయం అంటారు. మూడూ చెల్లుతాయి. "ఇదొక్కటే అసలు రహస్యం, మిగతావాళ్లకు తెలియదు" అని మొదలయ్యే వీడియోని నేను అక్కడితో కట్టేస్తాను. రహస్యాన్ని నెలవారీ చందాకి అమ్మేవాళ్ల మీద నాకు అదొక టైపు అనుమానం.

అయితే మంచి అప్లికేషన్ వీడియో చూసి అప్లికేషన్ వస్తుందా? రాదు. అర్థమవుతుంది. అర్థమవడంవల్ల ఫామ్ బాగుపడుతుంది, అదే దాని లాభం. ఆ అరచెయ్యి ఛాతీకి తగలాలని తెలిసినవాడి చెయ్యి ఊరికే గాల్లో ఊగదు, ఎత్తు సరిపోతుంది, మోచెయ్యి కిందికి దిగుతుంది. చేతికి రావాలంటే ఇంకో ఒళ్లు కావాలి, అది మనకు సహకరించని ఒళ్లు అయి ఉండాలి. వింగ్ చున్‌లో చీ సావ్ ఉన్నది అందుకే, ముంజేతులు ఆనించుకుని ఎదుటివాడి ఒత్తిడిని చర్మంతో చదవడం. వీడియోలో ఒత్తిడి కనిపించదు, చేతులు తిరగడం మాత్రం కనిపిస్తుంది. తిరగడం నేర్చుకుని చీ సావ్ వచ్చేసిందనుకున్నవాళ్లు ఒక అనుభవస్తుడి ముంజెయ్యి తగలగానే ఖంగు తింటారు.

ఇద్దరు స్నేహితులు కలిసి మొదలుపెడుతున్నారా? అలాగైతే మీకు మంచి దారి ఒకటి ఉంది. తాయ్‌చీలో ఒంటి చేతి త్వీషోవ్, అంటే కాళ్లు కదపకుండా ఒకరి మణికట్టు ఒకరు ఆనించి నెమ్మదిగా నెట్టుకోవడం. ఒకరు తోస్తారు, రెండోవారు నడుం తిప్పి దాన్ని పక్కకు పోనిస్తారు, మళ్లీ తిరిగి తోస్తారు. దెబ్బ లేదు, పడేయడం లేదు, కాబట్టి గాయం భయం చాలా తక్కువ. వీడియో చూసి ఒక గంటలో ఆకారం వస్తుంది. తర్వాత చెయ్యాల్సింది, ఎదుటివాళ్లు ఎంత బలంగా తోశారో అంతే బలంతో ఎదురు నిలవాలన్న బుద్ధిని చంపుకోవడం. దానికి వీడియో అక్కర్లేదు, మీ స్నేహితుడు చాలు.

కీళ్లు మెలితిప్పే చిన్‌నా పట్లు, పడవేతలు, గొంతు మీదా కళ్ల మీదా దెబ్బలు, వీటిని వీడియో చూసి స్నేహితుడి మీద ప్రయత్నించకండి. మణికట్టు ఎంతవరకు తిరిగితే నొప్పి, ఇంకెంత తిరిగితే గాయం అన్నదాని మధ్య ఉండేది ఒక అంగుళమే. అది స్క్రీన్ మీద కనబడదు. వెల్లకిలా పడటం ఎలాగో తెలియని మనిషిని పడేయకూడదు, అంతే.

నిజంగా పోట్లాటకు పనికొచ్చేదే కావాలనుకునేవాళ్లు ఫామ్ వీడియోల దగ్గర మొదలుపెట్టవద్దనే చెబుతాను. సాన్‌డానో (చైనా కిక్‌బాక్సింగ్), బాక్సింగో, జూడోనో ఏది దగ్గర్లో ఉంటే అందులో ఏడాది చెమటోడ్చండి. ఆ తర్వాత ఈ అప్లికేషన్ వీడియోలు చూస్తే ఏది బంగారమో ఏది పూతో మీకే తెలిసిపోతుంది, నా కాగితం ముక్క పరీక్షలేవీ అక్కర్లేదు.

ఉచితం, కొనుగోలు, చందా, లైవ్

ఉచిత వీడియోలతో వచ్చే చిక్కు నాణ్యత కాదు, వాటిలో చాలా మంచివున్నాయి. చిక్కు గెంతడం. సోమవారం ఒక గురువు, బుధవారం ఇంకొకరు. ఒకాయన అడుగు వెడల్పుగా వేస్తాడు, ఇంకొకాయన ఇరుకుగా. ఒకే కదలికకు మూడు పద్ధతులు కలిసిపోయి చివరికి ఎవరిదీ కాని ఫామ్ తయారవుతుంది. ఉచితంగానే నేర్చుకోండి, కానీ ఒక మనిషిని పట్టుకుని ఫామ్ పూర్తయ్యేదాకా వదలకండి. అదీ మొదటి కదలిక నుంచి చివరిదాకా విడగొట్టి నేర్పిన మనిషై ఉండాలి. చాలామంది మొదటి నాలుగైదు పాఠాలు ఉచితంగా పెట్టి తర్వాత ఆపేస్తారు. ముందే ప్లేలిస్ట్ చివరికి వెళ్లి చూసుకోండి.

ఒకసారి కొనుక్కునే వీడియో, లేదా పాతకాలపు డీవీడీ, ముందు ఎక్కడో నేర్చుకుని ఊరు మారినవాళ్లకు అన్నిటికన్నా మంచి బేరం. ఒంట్లో సగం ఉన్నదాన్ని వీడియో చాలా బాగా లేపుతుంది. మీ గురువు పరంపరదే వెతకండి. ఇంకా మంచిది, వెళ్లేముందు ఆయన అనుమతి అడిగి వెనక నుంచి, పక్క నుంచి మీరే ఫోన్‌లో తీసుకోవడం. అంతకన్నా విలువైన వీడియో మీకు ఎవరూ అమ్మలేరు.

నెలవారీ చందాలో వందల వీడియోలుంటాయి. సంఖ్య చూసి మురిసిపోకండి, మీకు కావలసింది ఒక్క ఫామే. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. రెండు నెలలు నెలవారీగానే కట్టి చూశాక ఆలోచించండి. ఇన్ని నెలలకు సర్టిఫికెట్, ఇన్ని నెలలకు ఇన్‌స్ట్రక్టర్ అని పట్టిక పెట్టిన చోట, ఆ సర్టిఫికెట్‌కి మీరు ఎవరిముందైనా చేసి చూపించాలా లేక వీడియోలన్నీ చూస్తే చాలా అన్నది అడగండి. జవాబులోనే అన్నీ ఉంటాయి.

వీడియో కాల్ లైవ్ క్లాసులు ఒకరికొకరు అయితే బాగుంటాయి. ఇరవై మందితో అయితే మీరొక చిన్న చతురస్రంలో చీమలా కనబడతారు, గురువుకి మీ మోకాలు ఎటు పోతోందో కనబడే అవకాశం లేదు. కాల్‌లో చిన్న ఆలస్యం ఉంటుంది కాబట్టి ఆయన లయతో కలిసి చేయడం కూడా కుదరదు. ముగ్గురు నలుగురు దాటితే నేను డబ్బు పెట్టను. వయసు పైబడినవాళ్లు, మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు మాత్రం వీలుంటే ఒకరికొకరు క్లాసులు కొన్నైనా తీసుకోండి. 24 కదలికల ఫామ్, మోకాళ్లు ఎక్కువ వంచకుండా ఎత్తుగా నిలబడటం, ఇంతకు మించి మొదటి ఏడాది అక్కర్లేదు.

నా ఓటు ఎక్కువగా పడేది ఇంకోదానికి. మీరు మీ అభ్యాసం వీడియో తీసి పంపితే, గురువు చూసి తప్పులు చెప్పే కోర్సులు. ఇందులో లాభం రెండు వైపులా ఉంది. పంపడానికని తీసుకున్న వీడియోలో సగం తప్పులు మీకే కనిపిస్తాయి. నడుం ముందుకు వంగిందనీ, భుజం లేచిందనీ ఒంటికి తెలియదు, కంటికి తెలుస్తుంది. ఫోన్‌ని మోకాలి ఎత్తులో, ఒళ్లంతా పాదాలతో సహా పట్టేంత దూరంలో పెట్టి, పక్కనుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి తీయండి. పూర్తి ఫామ్ పంపకండి, ఒకటి రెండు కదలికలు చాలు. గురువు దృష్టి అక్కడే నిలుస్తుంది.

ఇలాంటి ఒక కోర్సులో నాకు ఎదురైంది చెబుతాను. మొదటి నెల మూడు వీడియోలు పంపాను. మూడింటికీ జవాబు వచ్చింది: చాలా బాగుంది, ఇంకా రిలాక్స్ అవ్వండి, నడుం నుంచి కదలండి. మూడోసారి పరీక్షగా, లోవ్ షీ ఆవ్ బూలో బరువుంచే పాదం తిప్పే నా పాత తప్పుని కావాలనే చేసి పంపాను. అదే జవాబు. తర్వాత ఇంకోచోట చేరి, అదే వీడియో పంపాను. రెండు రోజులకు నలభై సెకన్ల క్లిప్ వచ్చింది. నా వీడియోని ఒక ఫ్రేమ్ దగ్గర ఆపి, ఎడమ పాదం చుట్టూ ఎర్ర గీత గీసి, "ఇక్కడ మీ వేళ్లు లేవలేదు, బరువు వెనక్కి రాలేదు, ముందు ఈ ఒక్కటే వారం రోజులు చేయండి, చేతులు నడుం మీద పెట్టుకుని" అన్నారు.

కాబట్టి చేరిన మొదటి వారంలోనే ఒక కదలిక పంపి చూడండి. మీకు తెలిసిన తప్పు ఒకటి అందులో ఉంచండి. వచ్చిన జవాబుని ఇంకెవరి వీడియోకి పంపినా సరిపోయేలా ఉంటే, రెండో నెల డబ్బు కట్టకముందే ఆపేయండి.